మోటర్‌హోమ్‌కి జనరేటర్: పెద్దదైతే నిశ్చింత అన్నది అపోహే

సంపాదకులవారికి,

మోటర్‌హోమ్‌లు, కారవాన్ల గురించి పత్రికల్లో వచ్చే రాతల్లో పడకలు, వంటగట్టు, సోలార్ పలకల ముచ్చటే ఎక్కువ. జనరేటర్ దగ్గరికి వచ్చేసరికి ‘కాస్త పెద్దది తీసుకుంటే నిశ్చింత’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఏడాదికి నాలుగైదుసార్లు బండి బయటికి తీసేవాళ్లకు ఆ సలహా చేటే చేస్తుంది. బరువూ మోతా అలా ఉంచండి, వాడని నెలల్లోనే జనరేటర్ పాడవుతుంది. కొనేముందు ఆలోచించాల్సింది ఆ నెలల గురించి.

ముందు అంకెల సంగతి. పెట్టె మీద పెద్దక్షరాల్లో 2200 వాట్లని రాసి ఉంటే అది కాసేపటికే. ఆగకుండా ఇచ్చేది సాధారణంగా 1800. మీ లెక్కకు పనికొచ్చేది ఈ రెండో అంకె. బండిలో లైట్లు, నీళ్ల పంపు ఎలాగూ బ్యాటరీ మీద నడుస్తాయి కాబట్టి వాటిని వదిలేయండి. తేల్చేవి ఏసీ, మైక్రోవేవ్, వేడిచేసే సామాన్లు. 1000 వాట్ల మైక్రోవేవ్ అంటే తిండికి చేరే వేడి మాత్రమే. ప్లగ్గు నుంచి అది లాగేది 1500 దాకా ఉంటుంది. ఏసీ నడుస్తుండగా దాన్ని నొక్కితే చిన్న జనరేటర్ చేతులెత్తేస్తుంది. రెండూ ఒకేసారి వాడకుండా ఉంటే సరి, దానికోసం పెద్ద యంత్రం కొనక్కర్లేదు.

అసలు చిక్కు ఏసీతోనే. పైకప్పు మీద ఉండే 13,500 బీటీయూ (చల్లబరిచే శక్తి కొలత) ఏసీ నడిచేటప్పుడు తీసుకునేది సుమారు 1300 నుంచి 1600 వాట్లు. కంప్రెసర్ లేచే క్షణంలో మాత్రం దానికి కొన్ని రెట్లు లాగుతుంది. అప్పుడు ఓవర్‌లోడ్ లైటు ఎర్రగా వెలిగి కరెంటు ఆగిపోతుంది. ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది, బండిలో చీకటి. చాలామంది జనరేటర్ చెడిపోయిందనుకుని మెకానిక్ దగ్గరికి మోసుకెళ్లేది ఇలాంటప్పుడే. ఏసీ లోపల కంప్రెసర్ వైర్లకు సాఫ్ట్ స్టార్టర్ బిగిస్తే ఆ మొదటి లాగుడు సగానికి పైగా తగ్గుతుంది. ఏసీ వేసే ముందు జనరేటర్ మీద ఎకో స్విచ్ ఆపేయాలి. లేకపోతే మెల్లగా తిరుగుతున్న ఇంజిన్ పుంజుకునేలోపే కంప్రెసర్ మొరాయిస్తుంది. కొండమీదికి వెళ్తే గాలి పలచబడి ప్రతి 300 మీటర్లకూ సుమారు మూడున్నర శాతం శక్తి తగ్గుతుంది. 2000 మీటర్ల ఎత్తున 1800 వాట్లది 1400 కూడా ఇవ్వదు.

మామూలు ఫ్రేము జనరేటర్ లోడున్నా లేకపోయినా ఒకే వేగంతో తిరుగుతుంది. 50 హెర్ట్జ్ కరెంటుకు నిమిషానికి 3000 చుట్లు. ఇన్వర్టర్ రకం లోడును బట్టి నెమ్మదిస్తుంది కాబట్టి మోత తక్కువ, పెట్రోలూ తక్కువే తాగుతుంది. కాకపోతే కంపెనీ చెప్పే డెసిబెల్ అంకె తరచు పావు లోడు దగ్గర కొలిచింది. ఏసీ వేశాక ఆ నిశ్శబ్దం ఆశించకండి. ఒక్క పెద్దదానికి బదులు ఇరవై కిలోల ఇన్వర్టర్ జనరేటర్ ఒకటి కొని, అవసరమైతే తర్వాత అలాంటిదే ఇంకోటి ప్యారలల్ కేబుల్‌తో కలుపుకోవడం మా లెక్కలో మేలు. ఇంకోమాట, జనరేటర్ మీది 12 వోల్టుల సాకెట్‌తో బండి బ్యాటరీ చార్జింగ్ పెట్టకండి. ఎనిమిది ఆంపియర్లకు మించి రాదు, రోజంతా నడిపినా పెద్ద బ్యాటరీ నిండదు. బండి చార్జర్‌ను జనరేటర్ మీది మామూలు కరెంటు సాకెట్‌కే తగిలించండి.

ఇక వాడని నెలలు. కార్బురేటర్‌లో నిలిచిన పెట్రోలు నెల దాటితే చెడటం మొదలవుతుంది. తేలిక భాగం ఆవిరై మిగిలింది జిగురుగా మారి, పైలట్ జెట్ అనే, వెంట్రుక దూరేంత సన్నటి పెట్రోలు రంధ్రాన్ని మూసేస్తుంది. ఇథనాల్ కలిసినదైతే తేమను కూడా పట్టుకుంటుంది. చోక్ లాగితేనే ఇంజిన్ నడిచి, వదలగానే ఆగిపోతోందన్నా, వేగం పెరుగుతూ తగ్గుతూ గునుస్తోందన్నా జబ్బు ఇదే. అందుకే పెట్రోలు కుళాయి విడిగా ఉన్న మోడలే ఎంచుకోండి. ఇంజిన్ నడుస్తుండగా కుళాయి కట్టేసి, దానంతటది ఆగేదాకా వదలండి. తర్వాత కార్బురేటర్ గిన్నె అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులుచేసి మిగిలిన చుక్కలు దింపేయండి. ట్యాంకులో పెట్రోలు ఉంచాలంటే అది చెడకుండా కాపాడే స్టెబిలైజర్ మందు కలిపి పది నిమిషాలు నడిపాకే కుళాయి కట్టాలి. ఊరికే స్టార్ట్ చేసి రెండు నిమిషాలకు ఆపేయడం వల్ల లాభం లేదు, సగం లోడు మీద అరగంట నడవాలి. గ్యాస్‌తోనూ నడిచే రకం కొంటే ఈ బెడద చాలావరకు తప్పుతుంది, శక్తి మాత్రం సుమారు పదో వంతు తగ్గుతుంది.

ఆయిల్ పట్టేది అర లీటరు లోపే. కొత్తదైతే మొదటి 20 గంటలకు మార్చాలి, ఆ తర్వాత 100 గంటలకోసారి. పల్లంలో ఒరగబెడితే ఆయిల్ తగినంత ఉన్నా సెన్సార్ ఇంజిన్‌ను ఆపేస్తుంది.

అన్నిటికంటే ప్రమాదం పొగ. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. జనరేటర్ బండికి కనీసం ఆరు మీటర్ల దూరంలో, పొగ గొట్టం అటువైపు తిరిగి ఉండాలి. సామాను అరలో, పందిరి కింద, రెండు బండ్ల సందులో పెట్టకూడదు. దూరం కోసం వేసే కేబుల్ సన్నదైతే వోల్టేజి పడిపోయి ఏసీ మోటారు వేడెక్కుతుంది, కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడండి. కొత్త మోడళ్లలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ సెన్సార్ యంత్రం చుట్టూ ఉన్న గాలినే చూస్తుంది. పక్కబండి పొగ మీ కిటికీలోంచి వచ్చినా దానికి తెలియదు. కాబట్టి పడక దగ్గర వేరే అలారం తప్పనిసరి. దాని వెనక రాసిన గడువు తేదీ చూడండి, అది దాటితే టెస్ట్ బటన్ నొక్కగానే కూసినా సరే మార్చేయాలి.

ఇట్లు,
చిన్న ఇంజిన్ల మెకానిక్కులు