అర్గిలిత్ అంటే పలక రాయి కాదు

సంపాదకులకు,

పోలిష్, రొమేనియన్ రాతి వివరాల్లో కనిపించే ‘అర్గిలిత్’ అనే మాటను తెలుగులోకి తెచ్చేటప్పుడు చాలామంది ‘పలక రాయి’ అని రాసేస్తున్నారు. రెండు భాషల్లోనూ స్పెల్లింగు ఒకటే. పోలిష్‌లో అర్గిలిత్ అని, రొమేనియన్‌లో అర్జిలిత్ అని పలుకుతారు. బంకమన్ను గట్టిపడి రాయైనదే ఇది. నీళ్లలో కరగదు, అలాగని పలకలా చీలదు కూడా. మార్కాపురం పలకను చూసి పెరిగిన జిల్లాలో ఈ తేడా చెప్పుకోవలసి రావడం వింతే.

పలకలో, భూమి లోపలి ఒత్తిడికి సన్నని అభ్రకపు రేకులన్నీ ఒకే వైపు తిరిగి ఉంటాయి. అందుకే అది మన్ను పేరుకున్న పొరల వెంట కాక, ఆ రేకుల దిశలో చీలుతుంది. కొన్ని పలకల మీద ఏటవాలుగా కనిపించే రంగు చారలు అసలు పొరల గుర్తులు. అర్గిలిత్‌లో ఈ అమరిక ఉండదు.

రెండింటినీ వేరుచేసే పరీక్షకు ఎండావానలకు పైపైన మెత్తబడిన ముక్క పనికిరాదు, లోపలి తాజా రాయి కావాలి. అంచు మధ్యలో వెడల్పు ఉలి పెట్టి మెల్లగా కొడితే పలక నిలువునా విడిపోతుంది. అర్గిలిత్ పెళ్లలుగా, ఒక్కోసారి చిప్పలాంటి వంపుతో విరుగుతుంది. రాత్రంతా నానబెడితే బురదయ్యేది ఈ రెండూ కాదు, ఇంకా పూర్తిగా గట్టిపడని పచ్చి బంకరాయి. పది శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేయగానే బాగా నురగ వస్తే అది నాపరాయి. దాన్ని కూడా పలక కింద కలిపేసేవాళ్లున్నారు! చిన్న ముక్క పంటి కింద గరగరలాడితే అందులో ఒండ్రు ఎక్కువ. 0.004 మి.మీ. కంటే సన్న రేణువు బంకమన్ను, అక్కడి నుంచి 0.063 వరకు ఒండ్రు. ఒండ్రు రాయిని రొమేనియన్‌లో సిల్తిత్ అంటారు.

ఇంకా తిప్పలు పెట్టేది పోలిష్ మాట ‘వూపెక్’. చీల్చడం అనే క్రియ నుంచి పుట్టిన ఈ పేరు పలకకూ, షేల్‌కూ (మన్ను పేరుకున్న పొరల వెంట చీలే బంకరాయి), షిస్ట్‌కూ (కంటికి కనిపించేంత అభ్రకపు రేకులున్న రాయి) వాడతారు. పోలండ్‌లోని లూబిన్ దగ్గర రాగి తవ్వే వూపెక్ పలక కాదు, షేల్. ఇంటి కప్పు పలకకు రొమేనియన్‌లో ‘అర్దెజియె’ అనే వేరే మాట ఉంది.

కాబట్టి అర్గిలిత్‌ను ‘గట్టి బంకరాయి’ అనాలి, లేదా ఆర్గిలైట్ అనే ఇంగ్లీషు మాటే ఉంచాలి. పలక అని రాస్తే కొనేవాడు పల్చని రేకులు అడుగుతాడు, రాయి మాత్రం పెళ్లలుగా పగులుతుంది.

– ఒక పాఠకుడు, ఒంగోలు