కెన్యాలంగ్ గరుడ దేవుడు కాదు

సంపాదకుడికి,

పది రోజుల కిందటి ఆదివారం అనుబంధంలో సారవాక్ (బోర్నియో దీవిలోని మలేసియా రాష్ట్రం) కొయ్యపక్షి ఫొటో వేసి, కింద ‘ఇబాన్ జాతివారు కొలిచే గరుడ దేవుడు’ అని రాశారు. ఇబాన్‌లు అక్కడి ఆదివాసులు. సవరణ వేస్తారని చూస్తే ఇప్పటికీ లేదు. ఆ బొమ్మ కెన్యాలంగ్, అంటే ముక్కుమీద కొమ్మున్న హార్న్‌బిల్. దేవుడు వేరు. ఆయన సెంగాలంగ్ బురోంగ్. గరుడ గద్ద రూపంలో కనిపించేది ఆయన. కెతుపోంగ్, బెరాగాయ్ వంటి శకున పక్షులు ఆయన అల్లుళ్లు. హార్న్‌బిల్‌కు ఆ వరసలో కూడా చోటు లేదు.

కెన్యాలంగ్‌ను చెక్కేది కొలవడానికి కాదు, శత్రువు మీదికి పంపడానికి. పులాయి వంటి మెత్తని కొయ్య వాడతారు; అది మన ఏడాకుల పాల జాతిదే. అసలు పిట్టకు కొమ్ము కొస మాత్రమే పైకి వంగి ఉంటుంది. చెక్కేవాడు దాన్ని చుట్టలు చుట్టలుగా పెంచుతాడు. పనితనమంతా అక్కడే, విరిగేదీ అక్కడే. నార అడ్డం తిరిగిన చోట అంచు మరీ పల్చనైతే పుటుక్కున ఊడిపోతుంది. రంగులు వేశాక పండుగనాడు, కుటుంబాలన్నీ ఒకే కప్పు కింద ఉండే పొడవింటి వసారాలోకి (దాన్ని రువాయ్ అంటారు) అతిథిలా తీసుకొస్తారు. పేలాలు, గుడ్లు, తమలపాకులతో పిరింగ్ అనే నైవేద్యం పెడతారు, తువాక్ అనే బియ్యపు కల్లు పోస్తారు. లెమంబాంగ్‌లు అనే పూజా గాయకులు రాత్రంతా పాడతారు. ఇవన్నీ అయ్యాకే బయట ఎత్తయిన స్తంభం మీదికి ఎక్కిస్తారు, ముక్కు శత్రువుల ఊరివైపు ఉండేలా. దాని ఆత్మ ఎగిరి వెళ్లి శత్రువును దెబ్బ తీస్తుందని నమ్మకం. మీరేమో స్తంభాన్ని కత్తిరించి, పక్షిని మాత్రం అచ్చు వేశారు. ఇక ఆ ముక్కు ఎటు చూస్తోందో, ఎందుకు చూస్తోందో పాఠకుడికి ఎలా తెలుస్తుంది?

తెల్లపొణికితో చేసిన కొండపల్లి దశావతారాల సెట్టును ఎక్కడో పత్రికలో ‘పిల్లల ఆటబొమ్మలు’ అని వేస్తే మనం ఊరుకుంటామా? ఫొటో కింద రెండు ముక్కలు రాసేముందు తెలిసినవాళ్లను అడిగే అలవాటు పత్రికల్లో పోయింది. మ్యూజియంలూ అంతే. ‘కొయ్య పక్షి, బోర్నియో’ అని చీటీ అంటిస్తే పని అయిపోయిందనుకుంటారు. ఏ పండుగకు చేశారు, ఎలా నిలబెట్టారు అన్న మాటే ఉండదు. కొందరైతే పాత రంగు మీద మెరుపు వార్నిష్ కొట్టి శుభ్రం చేశామంటారు. ఆ పూత పసుపు తిరిగాక, కింది రంగు చెడకుండా దాన్ని తీయడం ఎంత కష్టమో వారికి ఎవరు చెప్పాలి?

సవరణను అదే పేజీలో, అంతే సైజులో, స్తంభంతో సహా పూర్తి ఫొటోతో వేయండి.

– ఒక పాఠకురాలు, విజయవాడ