మందిరాల స్పీకర్లు లోపలికి తిప్పుదాం

సంపాదకులకు,

అయ్యా,

మిద్దె మీద హారన్ స్పీకరు వీధివైపు తిప్పి కట్టే అలవాటు కడప క్రైస్తవ ప్రార్థన మందిరాల్లో ఇంకా పోలేదు. సువార్త నలుగురికీ వినపడాలన్న తపనతోనే అలా కడతారు. కానీ పక్కింట్లో పసిబిడ్డ ఉలిక్కిపడి లేస్తే ఆ ఇంటివాళ్లకు వినపడేది సువార్త కాదు. పరుల ప్రశాంతతను చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని సుప్రీంకోర్టు 2000 ఆగస్టు 30న తేల్చింది. అది మద్రాసులోని ఒక చర్చి కేసే.

సౌండు ఎందుకు పెరుగుతుందో సంఘ పెద్దలు గమనించాలి. స్లాబు, టైల్స్, రేకులు శబ్దాన్ని తిప్పికొడతాయి, మాటలు కలగాపులగమవుతాయి. వెనకవాళ్లు వినపడలేదంటే ఆపరేటర్ సౌండు పెంచుతాడు, ప్రతిధ్వని కూడా అంతే పెరుగుతుంది. ముందు ఒక్కటే పెద్ద బాక్సు పెడితే మొదటి వరుసకు చెవులు పగులుతాయి, చివరి వరుసకు మాట అందదు. దానికి బదులు పక్క గోడలకు సన్నటి కాలమ్ స్పీకర్లు, కూర్చున్నవారి తలలకు కాస్త పైన, కిందికి వంచి బిగించాలి. వెనక వరుసలకు తక్కువ సౌండుతో రెండు చిన్నవి చాలు. వాక్యం చెప్పేటప్పుడు ఎకో తీసేసి బేస్ (గుమ్మనే లోతు శబ్దం) తగ్గించాలి. గోడలు దాటి పక్కిళ్లకు పోయేది ముఖ్యంగా ఆ బేసే. మైకు నోటికి జానెడు లోపు ఉంటే కుయ్‌మనడం తగ్గుతుంది. వెనక గోడకు మందపాటి కర్టెన్ కట్టాలి. ఆ తర్వాత ఒకరు ఎదురింటి గడప దగ్గర నిలబడి వినాలి. అక్కడికి మాటలు స్పష్టంగా వస్తుంటే ఇంకా తగ్గించాలి.

చట్టం ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైకు పెట్టకూడదు. పండుగలకు ప్రభుత్వం ఇవ్వగల సడలింపు ఏడాదికి 15 రోజులు, అదీ రాత్రి 12 వరకే. అంటే డిసెంబరు 31 ఆరాధనలో 12 కొట్టగానే బయటి స్పీకర్లు ఆపాలి. ఈస్టర్ వేకువన సమాధుల తోటలో మైకు లేకుండా గొంతెత్తి పాడుకోవాలి. పందొమ్మిదో శతాబ్దపు తెలుగు క్రైస్తవ కవులు రాగతాళాలతో కట్టిన కీర్తనలకు హార్మోనియం, తబలా ఉంటే చాలు. లెంటు (ఈస్టర్‌కు ముందు ఉపవాస కాలం) కూడికలు పరీక్షల రోజుల్లోనే పడతాయి కాబట్టి రాత్రి 8:30కి ముగించడం మంచిది.

ఉగాదికి ముస్లింలు దేవుని కడప వెంకన్నను దర్శించుకునే ఊరు, పెద్ద దర్గా ఉరుసుకు హిందువులు తరలివెళ్లే ఊరు మనది. ఇక్కడ పరిచర్య ఇరుగుపొరుగుతో కలిసిమెలిసి సాగాలి.

పోలీసులు గుడికి, మసీదుకు, చర్చికి ఒకే నియమం పాటించాలి. అనుమతి పత్రంలో వేళలు, స్పీకర్ల సంఖ్య, అవి ఎటు తిరిగి ఉండాలో రాసివ్వాలి. ఆ పత్రాన్ని సభాస్థలం ముందు అతికించాలి.

ఇట్లు,
ఒక సంఘ సభ్యుడు, కడప