సోమవారం కూర ఏమిటో ఆదివారం సంతలో తేలుతుంది

మన వంటింటి నుంచి కూరలు, భోజనం డబ్బాలు తెప్పించుకునే అందరికీ నమస్కారం.

ఈ నెల నుంచి వారం మెనూ శుక్రవారం రాత్రి కాకుండా ఆదివారం మధ్యాహ్నం వాట్సాప్‌లో పెడుతున్నాను. "ముందే చెబితే ప్లాన్ చేసుకుంటాం కదా ఆంటీ" అని పీజీల్లో ఉండే పిల్లలు, "టమాటా పప్పు కనిపించడం లేదేంటండీ" అని ఇంకొందరు అడిగారు. ధర ఎందుకు పెంచారని కూడా అడిగారు. అన్నిటికీ ఒకే జవాబు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఇదివరకు మన కూరగాయలన్నీ బెంగళూరు కలాసిపాళ్యం హోల్‌సేల్ మార్కెట్ నుంచి ఆటోలో వచ్చేవి. ఇప్పుడు చాలావరకు వైట్‌ఫీల్డ్‌లో మా అపార్ట్‌మెంట్ల దగ్గర ఆదివారం పొద్దున పెట్టే రైతుల సంతలో కొంటున్నాను. హొసకోటె, మాలూరు, చింతామణి, శ్రీనివాసపుర వైపు నుంచి రైతులు టెంపోల్లో తెచ్చి వాళ్ళే తూచి ఇస్తారు. ఆ ఊళ్ళలో చాలా ఇళ్ళలో తెలుగే మాట్లాడతారు. నేను బీరకాయ ఈనె గట్టిగా ఉందా లేదా అని చూస్తుంటే, "నిన్న మాపున కోసినదే అక్కా, గిల్లద్దండి" అంటుంది చింతామణి నుంచి వచ్చే ఆమె. వండినప్పుడు తేడా మీకే తెలిసి ఉంటుంది. నిన్న కోసిన బీరకాయకు నీళ్ళు పోయక్కర్లేదు, తన నీళ్ళలోనే మగ్గుతుంది. తొక్క కూడా లేతగా ఉంటుంది కాబట్టి దాంతో పచ్చడి చేసి డబ్బాలో పెడుతున్నాను. రెండు మూడు రోజులు మూటల్లో నలిగి వచ్చిన కాయతో ఆ పచ్చడి చెయ్యలేం, పీచు తగులుతుంది.

అయితే సంతలో మనకు కావాలన్నది దొరకదు, వాళ్ళ పొలంలో ఉన్నది దొరుకుతుంది. అందుకే మెనూ ఆదివారానికి మారింది.

టమాటా సంగతికి వస్తాను. కోలారు టమాటా మార్కెట్ దేశంలోనే పెద్దవాటిలో ఒకటి, మనకు అంత దగ్గర. అయినా ఎండలు బాగా ముదిరితే టమాటా పూత రాలిపోతుంది, కాపు తగ్గుతుంది, ఆ దెబ్బ కొన్ని వారాల తరవాత ధరలో కనిపిస్తుంది. 2023 జులైలో కిలో వంద దాటిపోవడం అందరికీ గుర్తుండే ఉంటుంది. అదే పంట ఎక్కువ వచ్చిన ఏడాది కోత కూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోసి వెళ్ళిపోతారు. ఈ రెండూ చూసిన రైతుతో కిలోకి రెండు రూపాయల దగ్గర బేరం ఆడబుద్ధి కాదు. నేను ఆడను, ఆడనని వాళ్ళకు చెప్పేశాను కూడా.

కాబట్టి టమాటా ధర బాగా పెరిగిన వారం టమాటా పప్పు ఉండదు. దాని బదులు పులుపుకి మన వంటలో దారులు చాలా ఉన్నాయి. ఏప్రిల్, మే నెలల్లో చింతచిగురు వస్తుంది. ఎర్ర కాడ గోంగూర వస్తుంది. చుక్కకూర ఉంది. పచ్చి తోతాపురి, అంటే మన ఊళ్ళలో బెంగళూర మామిడి అంటామే, అది సంతనిండా ఉంటుంది. దాంతో పప్పు, పులిహోర రెండూ బాగుంటాయి. చింతచిగురు పప్పు పెట్టిన రోజు డబ్బాలు అన్నీ ఖాళీగా తిరిగొచ్చాయి. ఏళ్ళ తరవాత తిన్నామని ఇద్దరు ఫోన్ చేశారు. నాకు ఆ రోజంతా అదే సంతోషం.

దోసకాయ గురించి కూడా చెప్పాలి. ఎండకి, నీటి ఎద్దడికి దోసకాయ, సొరకాయ జాతి కాయల్లో చేదు పెరుగుతుంది. చూపుకి ఏమీ తెలియదు. అందుకని తరిగే ముందు ప్రతి కాయా చివర చిన్న ముక్క కోసి నాలుక మీద పెట్టి చూస్తాం, చేదనిపిస్తే ఉమ్మేసి ఆ కాయ పూర్తిగా పారేస్తాం. చేదు సొరకాయ తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి, ఒక్కోసారి ఆసుపత్రి దాకా వెళుతుంది. ఉప్పు కారాలతో దాన్ని కప్పిపెట్టే ప్రశ్నే లేదు. మీరు ఇంట్లో వండుకున్నా ఇదే పాటించండి, ముఖ్యంగా పచ్చి సొరకాయ రసం తాగే అలవాటు ఉన్నవాళ్ళు. ఏ వారమైనా మెనూలో దోసకాయ పప్పు రాసి, చివరి నిమిషంలో పెసరపప్పు చారు వస్తే కారణం ఇదే.

ఉల్లిపాయ, బంగాళాదుంప, క్యారెట్ ఇంకా హోల్‌సేల్‌లోనే కొంటున్నాను. ఆకుకూరలు సోమ, మంగళవారాల్లో అయిపోతాయి. గురువారం ఒక మాలూరు రైతు టెంపో మన వీధి మీదుగా వెళుతూ రెండో విడత దించి వెళతాడు. అన్నీ సంతవే అని చెప్పుకుంటే మీకు అబద్ధం చెప్పినట్టవుతుంది.

ధర: భోజనం డబ్బా 120 నుంచి 130 అయింది. ఇందులో కొంత కూరగాయలకి, కొంత పారేసే కాయలకి, మిగిలింది తరిగే అమ్మాయిల జీతానికి పోతోంది. నెలవారీ డబ్బు ముందే కట్టినవాళ్ళకు ఆ నెల అయ్యేదాకా పాత ధరే.

మామిడిపండ్లు ఎప్పుడు అని అడిగేవాళ్ళకు: ఆంధ్రలో బంగినపల్లి ఏప్రిల్‌లోనే దిగుతుంది కానీ కోలారు జిల్లా పంట మే సగం దాటాకే ఊపందుకుంటుంది, జులై దాకా ఉంటుంది. శ్రీనివాసపుర రైతులు గడ్డిలో మాగవేసిన బాదామి, రసపురి తెస్తారు. కార్బైడ్‌తో మాగవెయ్యడాన్ని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలే నిషేధించాయి. ఇథిలీన్ వాయువుకు పరిమితులతో అనుమతి ఉంది. పండు పైకంతా ఒకే పసుపు రంగులో మెరుస్తూ, లోపల టెంక దగ్గర పుల్లగా, గట్టిగా ఉంటే నాకు అనుమానం వస్తుంది, అలాంటివి తీసుకోను. మంచివి దొరికిన ఆదివారం స్పెషల్ భోజనంలో ఒక పండు ఉంటుంది. మీరే కొనుక్కోవాలంటే ఎండాకాలం లాల్‌బాగ్‌లో మామిడి మేళా పెట్టినప్పుడు వెళ్ళండి, అక్కడా రైతులే అమ్ముతారు.

ఇక ఆవకాయ. తోతాపురిలో ఆవకాయకు కావలసినంత పులుపు లేదు, ముక్క కూడా త్వరగా మెత్తబడుతుంది. అందుకని చింతామణి ఆమె పొలం గట్టు మీది నాటు చెట్ల కాయలు మాట్లాడుకున్నాను. టెంక గట్టిపడిన కాయలు, వాన పడకముందే కోసినవి కావాలి. చెట్లు తక్కువ, కాబట్టి పచ్చడీ తక్కువే. ఇంటికి ఒక కిలో మించి ఇవ్వలేను. గుంటూరు కారం, గానుగ నువ్వుల నూనె ఎప్పటివే.

కావలసినవాళ్ళు ఈ శనివారం లోపు పేరు, ఎంత కావాలో మెసేజ్ పెట్టండి. వెల్లుల్లి వద్దనుకుంటే అదీ రాయండి, విడిగా కలుపుతాను. కాయ చేతికొచ్చి ముక్క కొట్టాకే ధర చెబుతాను, అడ్వాన్స్ ఏమీ వద్దు.