వార్షిక నివేదిక 2024–25: బోర్ల నీటిమట్టం సెన్సార్ల పనులు

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి వచ్చిన రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

బోర్లలో నీటిమట్టాన్ని సెన్సార్లతో మనమే కొలుచుకోవడానికి ఈ సంఘం పెట్టుకున్నామని మీకు తెలిసిందే కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సిన పని, గేట్‌వేను, అంటే సెన్సార్లు రేడియోలో పంపే రీడింగులను అందుకునే పెట్టెను, ఓవర్‌హెడ్ ట్యాంకు మీదికి ఎక్కించడం. ఇదివరకు అది ఒక మిద్దె మీద ఉండేది. చింతతోపు అవతలి బోర్ల సిగ్నల్ దానికి సరిగా అందేది కాదు. అందాలంటే ఆ సెన్సార్ల స్ప్రెడింగ్ ఫ్యాక్టర్‌ను, అంటే సిగ్నల్ దూరం పోవడానికి రీడింగును ఎంత నెమ్మదిగా పంపాలో చెప్పే అంకెను, 12 దాకా పెంచాల్సి వచ్చేది. అది ఒక్క మెట్టు పెరిగితే ఒక్కో రీడింగు పంపడానికి పట్టే సమయం దాదాపు రెట్టింపవుతుంది, బ్యాటరీ ఆ మేరకు తొందరగా అయిపోతుంది. ఎత్తు మీదికి మారాక అవే సెన్సార్లు తక్కువ ఫ్యాక్టర్‌తో హాయిగా పనిచేస్తున్నాయి. మనం వాడే 865–867 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలకు లైసెన్సు అక్కర్లేదు.

కానీ ట్యాంకు ఎక్కడానికి అనుమతి కావాలి. ఆ కాగితం కోసం ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోయాం. ‘సార్ లేరు, రేపు రండి’ అన్న మాటే ప్రతిసారీ. రైతులు తమ ఖర్చుతో, తమ చేతులతో చేసుకునే పనికి ఒక్క సంతకం ఇంత భారమా అని ఇక్కడ అడగక తప్పదు.

బిగించిన రోజు మాత్రం ఊరంతా కదిలి వచ్చింది. పాలిటెక్నిక్ పిల్లలు యాంటెన్నా గట్టిగా బిగించి, ఒకటికి రెండుసార్లు చూసుకున్నాకే కరెంటు ఇచ్చారు. యాంటెన్నా లేకుండా ఆన్ చేస్తే రేడియో చిప్ కాలిపోయే ప్రమాదం ఉంది. పిడుగుల కోసం బొగ్గు, ఉప్పు వేసి ఎర్త్ గుంత తీసిన ఎలక్ట్రీషియన్ తమ్ముళ్లకు, అందరికీ అన్నం వండిపెట్టిన డ్వాక్రా అక్కలకు, వాడకంలో లేని బోర్లను కొలతకు ఇచ్చిన రైతులకు సంఘం తరఫున చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మోటారు ఆడే బోరులో మట్టం పైకీ కిందికీ పోతుంటుంది. అందుకే వాళ్లిచ్చిన ఖాళీ బోర్లు మనకు ఇంత విలువైనవి. వాటిలో కూడా తెల్లవారుజామున, చుట్టుపక్కల మోటార్లకు కరెంటు రాకముందు వచ్చే రీడింగునే లెక్కలోకి తీసుకుంటున్నాం.

2000ల్లో ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ (ఆంధ్రప్రదేశ్‌లో రైతులే భూగర్భజలాన్ని చూసుకునే) పథకం కింద కరువు జిల్లాల రైతులు బోర్ల మట్టం, వాన తామే కొలుచుకుని, ఉన్న నీటిని బట్టి పంట లెక్క వేసుకున్నారు. ఆ లెక్క తెలిసిన పెద్దలు మనలోనూ ఉన్నారు. ఈసారి రబీకి ముందు వాళ్లను కూర్చోబెట్టి మన రీడింగులు చూపించాం. వరి తగ్గించి వేరుశనగ వేద్దామన్న మాట వాళ్ల నోటి నుంచే వచ్చింది. నాకు గేట్‌వే కంటే ఇదే ఎక్కువ సంతోషం.

ఇక నిర్వహణ. పెట్టడం ఒక రోజు పండగ, చూసుకోవడం ఏడాది చాకిరీ. సోలార్ పలక మీద దుమ్ము పేరుకుంటే బ్యాటరీ నిండదు. డబ్బాలోకి కేబుల్ దూరే చోట బిగించే కేబుల్ గ్లాండు వదులైతే చీమలు దూరతాయి, డబ్బా కింద కందిరీగలు గూడు కడతాయి. నీటిలో దించిన సెన్సార్ కేబుల్‌లో సన్నటి గాలిగొట్టం ఉంటుంది. దాని చివర తేమ పీల్చడానికి పెట్టిన నీలం సిలికా గుళికలు గులాబీ రంగుకు తిరిగిందంటే తేమ పట్టినట్టే. వెంటనే మార్చకపోతే మట్టం తప్పుగా చూపిస్తుంది. నల్లరేగడి చేలల్లో నేల తేమ కొలిచే సెన్సార్లదీ ఇలాంటి బాధే. ఎండకు నేల బీటలు వారితే కడ్డీకీ మట్టికీ మధ్య గాలి చేరి, ఉన్న తేమ కూడా లేనట్టు చూపిస్తుంది. మళ్లీ మట్టి కూరి నీళ్లు పోయాలి.

ఇవేవీ ఇంజనీర్లు చేయాల్సిన పనులు కావు. గుడ్డ, స్క్రూడ్రైవరు, కాస్త ఓపిక ఉంటే చాలు. అయినా వంతు వేసుకున్నవారిలో చాలామంది రాలేదు. ఫోన్ చేస్తే పెళ్లనో, సంతనో చెప్పారు. వచ్చిన నలుగురైదుగురే అందరి పని మోశారు. రీడింగు రాలేదని ముందుగా గొడవ చేసేది మాత్రం రానివారే. ఇది న్యాయం కాదు.

జమాఖర్చులు కోశాధికారి చదువుతారు. ఆడిట్ అయింది, కాగితాలు బల్ల మీద ఉన్నాయి.

తొలకరిలోపు ప్రతి సెన్సారుకూ ఇద్దరు బాధ్యులు కావాలి, ఒకరు ఆ చేను రైతు, ఇంకొకరు పక్క చేను వారు. సమావేశం ముగిసి వెళ్లేలోపు పుస్తకంలో పేర్లు రాయించండి.

ఇట్లు,
కార్యదర్శి