యుద్ధకాలపు కుటుంబాల సమ్మేళనం: జమా ఖర్చుల వివరణ

దాతలకు, సభ్యులకు, సమ్మేళనానికి తరలివచ్చిన కుటుంబాలకు సంఘం నమస్కారపూర్వకంగా తెలియజేయునది. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేసిన తెలుగువారి కుటుంబాలనూ, 1942లో బర్మా (నేటి మయన్మార్) విడిచి కాలినడకన స్వదేశం చేరిన తెలుగు కుటుంబాలనూ ఒకచోట కలపాలన్న ఉద్దేశంతో 2024 ఏప్రిల్ 6, 7 తేదీలలో విశాఖపట్నంలో జరిపిన సమ్మేళనానికి వచ్చిన సొమ్ము, అయిన ఖర్చు, మిగిలిన నిల్వ ఈ దిగువ వివరిస్తున్నాము. 1942లో జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేసిన రోజు కనుకనే ఏప్రిల్ 6వ తేదీని ఎంచుకున్నాము.

జమ విషయానికి వస్తే, కుటుంబాల చందాల రూపంలో రూ.1,92,000, ఇతర రాష్ట్రాల్లోనూ విదేశాల్లోనూ స్థిరపడిన పిల్లలు, మనవలు పంపినది రూ.1,45,000, మాజీ సైనికులు ఇచ్చినది రూ.38,500, సమ్మేళనం రోజుల్లో హుండీలో పడినది రూ.11,240, బ్యాంకు వడ్డీ రూ.1,260, వెరసి రూ.3,88,000 (అక్షరాలా మూడు లక్షల ఎనభై ఎనిమిది వేల రూపాయలు) సంఘం ఖాతాలో జమ అయినది. ప్రతి చందాకూ రశీదు ఇచ్చాము.

ఖర్చులో అన్నిటికంటె పెద్ద పద్దు ప్రయాణాలది, రూ.96,400. నడిచి వచ్చిన నాటికి అయిదారేళ్ల పిల్లలుగా ఉన్నవారికే ఇప్పుడు తొంభై దగ్గర పడుతున్నది. వారు ఒంటరిగా రాలేరు. ఆ మాట అలా ఉంచినా, ఒంటరిగా రావడం మాకు సమ్మతం కాదు. ప్రతి పెద్దవారి వెంట ఒక మనవడో మనవరాలో తప్పక రావాలని, ఆ టికెట్టు కూడా సంఘమే భరించాలని మొదటి సమావేశంలోనే తీర్మానించాము. వృద్ధులకు మాత్రమే టికెట్టు ఇచ్చి ఉంటే ఈ పద్దు దాదాపు సగానికి తగ్గేదే. కాని వినవలసిన వారు లేకుండా చెప్పేవారిని మాత్రం పిలిపించడంలో అర్థం లేదని సంఘం అభిప్రాయం.

హాలు, గదుల అద్దె, రెండు రోజుల భోజనాలకు రూ.84,600 అయినది. ఇందులో గదుల భాగమే ఎక్కువ. వేదిక, మైకు, ఉపన్యాసాలు వద్దనుకుని, ఒక్కొక్క కుటుంబం తలుపు వేసుకుని తీరిగ్గా కూర్చుని మాట్లాడుకునేందుకు విడివిడి గదులు తీసుకున్నాము. శాలువాలకు, జ్ఞాపికలకు, పూలదండలకు ఒక్క రూపాయి కూడా వెచ్చించలేదు. కొందరు దాతలు ఇది పెద్దలకు తక్కువ మర్యాద కాదా అని అడిగారు. వారి మాటను గౌరవిస్తూనే, సొంత మనవరాలు రెండు పూటలు పక్కన కూర్చుని వినడం కంటె మించిన మర్యాద మేము చేయగలిగినది లేదని మనవి చేస్తున్నాము.

ఆ మాటలను రికార్డు చేయించి, కాగితం మీద రాయించడానికి రూ.72,000 ఇచ్చాము. ఇది ఎక్కువ అనిపించవచ్చు గనుక కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. 1941 డిసెంబరు 23న రంగూన్‌పై బాంబులు పడిన తరువాత, రేవుల్లో, మిల్లుల్లో కూలికి పనిచేస్తున్న మన జిల్లాలవారు వేలాదిగా బయలుదేరారు. ఓడలో చోటు దొరకనివారు బర్మాలోని ప్రోమ్ పట్టణం నుంచి టౌంగుప్ కొండదారి పట్టి అరకాన్ తీరప్రాంతం మీదుగా చిట్టగాంగు వైపు కొందరు, ‘తము’ అనే సరిహద్దు ఊరి మీదుగా మణిపూర్ వైపు కొందరు నడిచారు. కలరాతో, ఆకలితో దారిలోనే పోయిన వారి పేర్లు ఏ రాతి మీదా లేవు. ఎవరు ఎక్కడ ఆగిపోయారో తెలిసినది ఆనాడు చేయి పట్టుకుని నడిచిన పిల్లలకే, అది మిగిలినది వారి మాటల్లోనే.

సైనికుల సంగతి కొంత మెరుగు. బర్మాలోని తౌక్యాన్ వద్ద, సమాధి తెలియని సుమారు 27,000 మంది పేర్లు రంగూన్ స్మారకం స్తంభాలపై చెక్కి ఉన్నాయి. ఇటువంటి సమాధులను, స్మారకాలను చూసుకునే కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ రికార్డులను ఎవరైనా ఉచితంగా వెదుక్కోవచ్చు కనుక ఆ పనికి ఖర్చు చూపలేదు. అందులో చాలామంది పేరు పక్కన తండ్రి పేరు, భార్య పేరు, ఊరు, జిల్లా ఉంటాయి. ఇంగ్లీషు అక్షరాల్లో తారుమారైన ఊరి పేర్లను పోల్చుకోవడమే కష్టం. ఒక తల్లి తన తండ్రికి బర్మా యుద్ధరంగంలో పనిచేసినందుకు వచ్చిన బర్మా స్టార్ పతకాన్ని చీర చెంగులో ముడి వేసి తెచ్చారు. వెనుక వైపు అరిగిపోయిన నంబరును భూతద్దంతో చదివి, రికార్డులోని నంబరుతో సరిచూడగా ఆయన పేరు దొరికినది, దాని పక్కనే ఆమె తల్లి పేరు కూడా ఉన్నది. తండ్రితో ఆమె గడిపినది ఆయన సెలవు మీద వచ్చిన మూడు వారాలే. ఆ పుట నకలు ముద్రించి ఆమెకు అక్కడికక్కడే ఇచ్చాము.

ఇటువంటి నకళ్లకు, సెన్సారువారు ఊళ్ల పేర్లు నల్లసిరాతో కొట్టివేసిన ఉత్తరాలు, డిశ్చార్జి పుస్తకాలు, ఫోటోలు స్కాన్ చేయించి ప్రతి కుటుంబానికీ ఒక ఆల్బమ్ కట్టించడానికి రూ.58,300 అయినది. అసలు కాగితాలు ఎవరివి వారికి సంతకం తీసుకుని అప్పగించాము. నర్సు, అంబులెన్సు, చక్రాల కుర్చీలకు రూ.21,500, తపాలా, స్టేషనరీకి రూ.6,850. మొత్తం ఖర్చు రూ.3,39,650.

పోగా నిల్వ రూ.48,350. దీనిని శిలాఫలకానికి వాడాలన్న సూచన వచ్చినది. అయితే ప్రయాణం చేయలేక ఆగిపోయిన పెద్దల ఇళ్లకే వెళ్లి, వారి పిల్లల సమక్షంలో రికార్డు చేయించడం ముందు జరగాలని సంఘం ఏకగ్రీవంగా నిర్ణయించినది. ఫలకం ఎప్పుడైనా వేయించవచ్చు, ఆ పెద్దలకు అంత వ్యవధి లేదు. లెక్కలు ఆడిటరుచే తనిఖీ చేయించాము. ఆయన రుసుము తీసుకోలేదు. వోచర్లు, రశీదు పుస్తకాలు, బ్యాంకు పాసుపుస్తకం కోశాధికారి వద్ద ఉన్నవి. దాతలెవరైనా వచ్చి చూడవచ్చు.