సినిమా వేసేస్తే పాఠం అయిపోదండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

ఆలోచింపజేసే సినిమాల మీద ఆదివారం మీ పేపర్లో వచ్చిన వ్యాసం చదివాను. క్లాసులో గంటసేపు లెక్చర్ దంచే బదులు ఇలాంటి సినిమా ఒకటి వేస్తే చాలు, పిల్లలకి తర్కం దానంతటదే వంటబడుతుంది అని రాశారు, ఉదాహరణకి ట్వెల్వ్ యాంగ్రీ మెన్ చెప్పారు. ఆ సినిమా అంటే నాకు ప్రాణం, ఏటా నా స్టూడెంట్స్‌కి వేస్తాను కూడా, కానీ ఆ "దానంతటదే" అన్నమాట మాత్రం నేను ఒప్పుకోను.

చూడనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తా. 1957లో సిడ్నీ లూమెట్ తీశాడు, దాదాపు సినిమా అంతా ఒక్క గదిలోనే. తండ్రిని కత్తితో పొడిచి చంపాడని ఒక కుర్రాడి మీద కేసు, దోషి అని తేలితే మరణశిక్షే, 12 మంది జ్యూరీ (అంటే కేసు విని దోషా కాదా తేల్చడానికి కూర్చోబెట్టిన మామూలు జనం) ఏకగ్రీవంగా తేల్చాలి. మొదటి ఓటింగ్‌లో 11 మంది దోషి అంటారు, 8వ నంబర్ జ్యూరర్ ఒక్కడే ఆగండి మాట్లాడుకుందాం అంటాడు, చివరికి అందరూ ఆయన దారికే వస్తారు. పాటల్లేవు ఫైట్లు లేవు, ఒట్టి మాటలే, అయినా కళ్ళు తిప్పుకోలేం.

అసలు చిక్కు అక్కడే ఉంది. 8వ నంబర్‌గా హెన్రీ ఫోండా తెల్ల సూట్‌లో నింపాదిగా మాట్లాడతాడు, ఆయన్ని ఎదిరించేవాళ్ళు ఎక్కువమంది అరుస్తారు, చెమటలు కక్కుతారు, ఒకడైతే ఆ కుర్రాడి బస్తీవాళ్ళందర్నీ కలిపి తిడతాడు (4వ నంబర్ ఆయన ఒక్కడే చివరిదాకా కుదురుగా వాదిస్తాడు, ఆయన పేరు క్లాసులో ఎవరూ ఎత్తరు, అది నాకు బాధ). పైగా లూమెట్ కెమెరాని మొదట కంటికి పైన పెట్టి, తర్వాత కంటి ఎత్తుకి దించి, చివర్లో ఇంకా కిందకి తెచ్చాడు, లెన్సులు కూడా మారుస్తూ పోయాడు, దాంతో గోడలు మీదకొచ్చేస్తున్నట్టు ఉంటుంది. అంత ఉక్కిరిబిక్కిరి అయ్యాక ఎవరి వాదనలో బలం ఎంతుందో ఎవరు చూస్తారండీ, ఫోండా గెలిస్తే బయటపడొచ్చు అనే అనిపిస్తుంది. అలా గెలిపించుకున్నదాన్నే పిల్లలు మేం ఆలోచించాం అనుకుంటారు.

కత్తి సీన్ చూడండి. ఇలాంటి కత్తి ఇంకోటి దొరకదు అని మిగతావాళ్ళు అంటుంటే ఈయన జేబులోంచి అచ్చం అలాంటిదే తీసి టేబుల్‌లో దిగేస్తాడు, ఆ కుర్రాడి ఏరియాలో తాకట్టు షాపులో కొన్నానంటాడు. క్లాసంతా చప్పట్లు. నేను అక్కడ సినిమా ఆపేసి, జ్యూరర్ సొంతంగా బయట సాక్ష్యం వెతికి తేవొచ్చా అని అడుగుతా. తేకూడదు, సాక్ష్యం కోర్టులో అందరి ముందూ రావాలి, రెండు పక్షాలూ దాన్ని ప్రశ్నించాలి. రేపు ఇంకో జ్యూరర్ కుర్రాడికి వ్యతిరేకంగా ఏదో పట్టుకొస్తే అప్పుడూ చప్పట్లు కొడతారా అంటే క్లాసు ఒక్కసారిగా సైలెంట్, ఆ తర్వాత అసలు గొడవ మొదలు. పాఠం జరిగేది ఆ గొడవలోనే.

అమెరికా సుప్రీంకోర్టు జడ్జి సోనియా సోటోమయార్ 2010లో ఈ సినిమా గురించే మాట్లాడుతూ, తను లా వైపు రావడానికి ఇదొక కారణం అన్నారు, కింది కోర్టులో జడ్జిగా ఉన్నప్పుడు మాత్రం ఈ సినిమాలోలా చెయ్యొద్దు అని జ్యూరీకి చెప్పేదాన్ని అని కూడా అన్నారు, ఎందుకంటే అందులో వాళ్ళు తేల్చినవి చాలావరకు ఊహలే. ఆసక్తి పుట్టించడం వేరు, పని నేర్పడం వేరు, మీ వ్యాసం ఈ రెండిటినీ కలిపేసింది.

ఇంకోటి, కుంటుతూ నడిచే ముసలాయన ఒకడు 15 సెకన్లలో తలుపు దగ్గరికి వచ్చి పారిపోతున్న కుర్రాణ్ణి చూశానని సాక్ష్యం చెప్తాడు, జ్యూరీ గదిలో నడిచి చూస్తే 40 సెకన్లు దాటుతుంది. నడిచింది ఎవరు? ముందునుంచీ అనుమానం ఉన్న 8వ నంబరే! మా క్లాసులో అదే దూరం ఇద్దరితో నడిపిస్తా, కుర్రాడు చెయ్యలేదు అనే పిల్లాడు కాలు ఈడ్చుకుంటూ వస్తాడు, చేశాడు అనేవాడు చకచకా వచ్చేస్తాడు, వాచీ పట్టుకున్న అమ్మాయి ఇద్దరి టైమూ బోర్డు మీద రాశాక ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. మొదటిసారి ఆపకుండా చూసి వచ్చినవాళ్ళని అడిగితే చాలామంది హంతకుడు వేరే ఎవడో అని ఖాయంగా చెప్తారు, నిజానికి కుర్రాడు చేశాడా లేదా అనేది సినిమా ఎక్కడా చెప్పదు.

అలాగని ఇలాంటి సినిమాలు వేయడం మానేయమని కాదు, తప్పకుండా వేయండి. వ్యాసం చివర మిగతా సినిమాల లిస్టు వచ్చే వారం ఇస్తామన్నారు కదా, ఒక్కో సినిమా పక్కన ఎక్కడ ఆపాలో, ఆపి ఏం అడగాలో కూడా వేయండి, టీచర్లకి అది నిజంగా పనికొస్తుంది.

ఇట్లు,
ఒక లెక్చరర్